నూట ఎనభై మూడు, రెండొందల పదిహేడు

ఎనుమాముల యార్డు నుంచి ఆటోల వచ్చింది కాంటా
మిర్చి గోనె కప్పుకొని.
విప్పంగనే నేను తుమ్మిన, యాకూబ్ ఉస్తాద్ తుమ్మిండు,
గోడవతల కుట్టుమిషన్ కాడ సదానందం గూడ.

"పొద్దుగాల సక్కగనే తూగుతది.
ఎండ ముదిరితే బస్తాకు ఐదు కిలోలు మింగుతది"
అని చెప్పి పోయిండు అడ్తి గుమాస్తా.
నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన ఒకామె
ఇంటికాడనే తూచుకొని వచ్చిందట,
యార్డు నడుమ నిలవడి జగడం పెట్టిందట.
లేకుంటే ఎందుకొస్తది కాంటా, పోచమ్మ మైదాన్ దాకా?

నాలుగు మరలు విప్పిన.
బోర్డు మూలకు మార్కర్ గీత: సు.
సువార్త. నేనే.
పోయిన నెల నా చేతి మీదుగనే పోయింది ఇది.

ఆ అతుకు ఎట్ల మెరుస్తున్నదో!
కొత్త ముక్కుపుడక లెక్క.
మెరిస్తే మంచి అతుకు, మబ్బుగుంటే చెడ్డదని
ఈ బల్ల కాడనే నేర్చుకున్న,
పాత టీవీల మీద, స్టెబిలైజర్ల మీద,
సీసం తీగె కరిగించుకుంట.

ఉస్తాద్ భూతద్దం వంచిండు.
గుండుసూదితోని చిప్పు కాలును ముట్టిండు.
కాలు కదిలింది.
నా కడుపుల ఏదో కదిలింది.

"కిందున్నది కంపెనీ అతుకు బిడ్డా, సీసం లేనిది.
తగరం, పిసరంత వెండి, అంతకన్న తక్కువ రాగి.
మబ్బు మొకం దాని పుట్టుక, రోగం కాదు.
నీ తీగె నూట ఎనభై మూడుకే నీళ్లయితది,
అది రెండొందల పదిహేడు దాకా కన్ను తెరువది.
నువ్వేమో పాత వేడి మీదనే ముక్కు పెట్టినవు.
రెండూ కలిసినయనుకున్నవు.
నిద్రపోయేటోని మీద దుప్పటి కప్పినవు, గంతే."

బట్లబజార్ల వాళ్ల అబ్బా కళాయి పోసేటోడట.
నవసాగరం పొగల, పెండ్లి డేగుల కడుపుల దూది తిప్పుకుంట.
తగరం కడ్డీ కొనేముందు చెవి కాడ పెట్టి వంచేటోడట.
అసలుదైతే కిర్రుమని ఏడుస్తది.
సీసం కలిపిందైతే మెత్తగ వంగుతది, నోరెత్తది.
"నోరెత్తని కడ్డీ ఇంటికి తేకురా" అనేటోడట.
అది చెప్పి ఉస్తాద్ నవ్విండు.
నాకు నవ్వు రాలే.

రాగి జడ పెట్టి పాతదంత పీల్చిన,
నా మెరుపునూ, కంపెనీ మబ్బునూ కలిపే.
స్పిరిట్ తోని తుడిచిన.
వేడి పెంచి, నీలం టేపు చుట్టిన రీలు తీసి
మల్ల మొదటి నుంచి పోసిన, కాలు కాలుకు.
మబ్బుగనే ఆరింది.
మబ్బునే నమ్ముడు నా కండ్లకు ఇంక అలవాటు గాలే.

మిట్టమధ్యాహ్నం డాబా మీదికి ఎక్కిచ్చినం కాంటాను.
రెండు ఇరువై కిలోల రాళ్లు.
రేకులు కాలుతున్నయి, చెప్పులు అంటుకుంటున్నయి.
నలభై.
గంటకు, నలభై.
మూడింటికి గూడ నలభై.

"ఉస్తాద్, మరి ఈ నెల రోజులు?"

ఆయన కింద నల్లా కాడ చేతులు కడుగుతున్నడు.
సీసం ముట్టిన చెయ్యి బుక్క కాడికి పోవద్దని
సబ్బు రెండుసార్లు పెడతడు, ఎప్పుడూ.
ఆ పొద్దు మూడోసారి గూడ పెట్టిండు.
ఏమనలే.

నర్సంపేట ఆమె తూచుకొని వచ్చింది.
తూచుకోకుండ వచ్చినోళ్లు ఎంతమందో.
మధ్యాహ్నం వరుసల నిలవడ్డోళ్లు,
చిట్టీ మడిచి జేబుల పెట్టుకొని
బస్సెక్కిపోయినోళ్లు,
వాళ్ల ఐదేసి కిలోలు ఏ జడ పెట్టి పీల్చాలె నేను?

గుమాస్తా వచ్చి కాంటా ఎక్కిచ్చుకపోయిండు.
పైసలు లెక్కపెట్టి ఇచ్చిండు, నేను తీసుకోలే,
ఉస్తాద్ తీసుకొని గల్లల ఏసిండు.

దుకాణం మూసేముందు
నీలం రీలు నుంచి జానెడు తీగె తెంపి
చెవి కాడ పెట్టి వంచిన.
మరీ సన్నది.
రోడ్డు మీద మిర్చి లారీలు పోతున్నయి.
ఏమీ వినబడలే.
మల్ల వంచిన.